బాలయేసు పుట్టిననాడు మన దిక్కు

సూర్యాపేట మిషన్ బడిలో సులోచన టీచర్ చెప్పేది చరిత్ర. పుస్తకం అట్ట మీద పరిసరాల విజ్ఞానం అని ఉంటుంది. అందులో నీళ్లూ చెట్లూ తిండిగింజలూ పోగా చరిత్రకు మిగిలేది నాలుగు పేజీలే. ఆ నాలుగు పేజీలనే ఆమె ఏడాది పొడుగునా సాగదీస్తుంది. చెట్ల పాఠం మధ్యలోకి కూడా ఎవరో ఒక రాజు వచ్చి కూర్చుంటాడు. తోటి టీచర్లు చాటుగా నవ్వుకుంటారు గానీ, ఆమె క్లాసులో పిల్లలు నీళ్లకని, ఒంటేలుకని లేవరని వాళ్లకూ తెలుసు.

ఆమె పుట్టిల్లు తుంగతుర్తి దిక్కు. ట్రైనింగ్ అయ్యాక కొన్నాళ్లు కోదాడలో పనిచేసింది. అక్కడి పిల్లలు "అలాగేనండి" అంటుంటే ముచ్చటపడి, ఆ మాటను ఇంటిదాకా మోసుకొస్తే తమ్ముడు నెలరోజులు వెక్కిరించాడు. పెళ్లయ్యాక సూర్యాపేటలో కుదురుకుంది. భర్త మిర్యాలగూడ రైసుమిల్లులో గుమస్తా. ఆయన పొద్దున్నే బస్సెక్కుతాడు, ఈమె బడికి నడుస్తుంది. శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు ఉంటుంది, బడిలో ప్రార్థన పాటకు పిల్లలకన్నా ముందే గొంతెత్తుతుంది. ఈ రెంటికీ పేచీ ఉంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

డిసెంబరు వస్తే ఆ బడిలో క్రిస్మస్‌కు పశువుల పాక కట్టడం ఐదో తరగతి వంతు. గడ్డి పెన్‌పహాడ్ పొలాల నుంచి వస్తుంది. మట్టి గొర్రెల్ని పిల్లలే చేస్తారు, అందులో కొన్ని పందుల్లా కూడా ఉంటాయి. నిరుడు శ్రీజ అనే పిల్ల ఒక అట్టముక్క మీద బంకమట్టితో గుట్టా గుడిసెలూ చేసి తెచ్చింది. పెన్‌పహాడ్ నుంచి ఆటోలో వచ్చే రైతుబిడ్డ. అడగకుండానే దాన్ని పాక పక్కన పెట్టేసింది.

"ఇదేంది బిడ్డా?" అంది సులోచన.

"మన దిక్కు, టీచర్. బాలయేసు పుట్టిననాడు మనోళ్లు గూడ ఏడనో ఒకకాడ ఉండె గద. వాళ్లేం చేస్తుండె?"

అంత మంచి ప్రశ్న ఆ బడిలో ఎవరూ అడిగి ఉండరు. కానీ అవతల నక్షత్రానికి కరెంటు బల్బు వెలగక సులోచన పరేషాన్‌లో ఉంది. పైగా ఆమెకు తెలిసిన మన దిక్కు చరిత్ర కాకతీయులతోనే మొదలు. పిల్లలమర్రి గుళ్లకు ముందున్నదంతా ఆమె మనసులో అడవే.

"గప్పుడు గీడ ఎవలున్నరే? అంత అడివి, రాళ్లు, గుట్టలు. చరిత్ర అంత గా బాలయేసు దిక్కే," అనేసింది.

పిల్లలు గొల్లున నవ్వారు. శ్రీజోళ్లు కోతులని ఎవరో అన్నారు. సులోచన ఆ మట్టి ఊరిని తీసి కిటికీలో పెట్టించి బల్బు పని చూసుకుంది.

ఆనాటి నుంచి శ్రీజ క్లాసులో చెయ్యెత్తలేదు. అడిగితే చెబుతుంది, తను మాత్రం ఏదీ అడగదు. చురుకైన పిల్ల అలా మూగదైపోతే టీచరుకు తెలియకుండా ఉంటుందా? తెలిసింది. బుజ్జగిస్తే పోతుందిలే అనుకుంది. బుజ్జగించినా పోలేదు.

మిషన్ బడులకు క్రిస్మస్ సెలవులే పెద్ద సెలవులు. తమ్ముడి బిడ్డ పుట్టువెంట్రుకలకని సులోచన పుట్టింటికి బయలుదేరింది. ఫణిగిరి దగ్గర బస్సు టైరు పంక్చరైంది. ఆ గుట్ట ఆమెకు కొత్తేం కాదు. చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఎక్కి, అక్కడి రాతి స్తంభాల మీద కూర్చొని గింజలు ఊసిన గుట్టే. బుద్ధుడి గుట్ట అంటారని తెలుసు. అక్కడ పాతిన బోర్డును మాత్రం ఎన్నడూ చదవలేదు. చరిత్ర పుస్తకంలోనే ఉంటుందని, మనం కూర్చున్న రాయి కింద ఉండదని ఆమె నమ్మకం.

బస్సు బాగయ్యేలోపు పొద్దుపోక ఆ బోర్డు చదివింది. క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దం నుంచే ఇక్కడ బౌద్ధ విహారం ఉందని రాశారు. క్రీస్తుకు ముందు, క్రీస్తు తర్వాత అని ఆమె పిల్లలకు లెక్కకట్టడం నేర్పని సంవత్సరం లేదు. ఆ లెక్క తన పుట్టింటి దారిలోకి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎక్కడో దూరాన పాకలో బాలయేసు ఏడ్చిన రాత్రి ఈ గుట్ట మీద ఎవరో దీపం పెట్టుకొని ఉన్నారు. సులోచన ఆ బోర్డు ముందే చెప్పులు విడిచింది. అంతటి భయభక్తి ఆమెకు వెంకన్న ముందు కూడా కలగలేదు.

బడి తెరవగానే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ దగ్గరికి పోయింది.

"పిల్లలకు తప్పు చెప్పిన, సిస్టర్. గదిల కూసొని సర్దుకుంటె సాలదు, ఫణిగిరి గుట్టకు తీస్కపోవాలె."

"టీచరే తప్పు చెప్పిందంటే తల్లిదండ్రులు ఏమంటారమ్మా?" అంది గుంటూరు నుంచి వచ్చిన సిస్టర్.

"అననియ్యండ్రి. ఆ పిల్ల మళ్ల అడగకుంటె నేను చెప్పేది ఏం సదువు?"

సిస్టర్ క్యాలెండరులో ఒక తేదీకి సున్నా చుట్టింది. "నేనూ వస్తాను. నావి మోకాళ్ల నొప్పులు, మెల్లగా ఎక్కించండి," అంది.

గుట్ట మీద గుండ్రని ఇటుకల దిబ్బ, వరసగా రాతి స్తంభాలు, చుట్టూ గాలి. సులోచన పిల్లల్ని నిలబెట్టి చెప్పింది.

"బాలయేసు పుట్టిన దినాలల్ల గీడ మనుషులున్నరు. గీ ఇటుకలు కాల్చిండ్రు, గీ రాళ్లు మోసిండ్రు, కూసొని సదువుకున్నరు. శ్రీజ అడిగిందే సరి. నేను చెప్పింది తప్పు."

బస్సులో చెవులు చిల్లులు పడేలా అరిచిన పిల్లలే మెల్లగా వరస కట్టారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఇటుకల మీద అరచేతులు ఆనించారు. శ్రీజ కూడా ఆనించింది. కానీ నోరు విప్పలేదు. ఇగ ఈ పిల్ల అడగదు అనుకుంది సులోచన.

చాలాసేపటికి శ్రీజ చెయ్యి తీయకుండానే అడిగింది. "బాలయేసు పుట్టిన సంగతి గీడోళ్లకు ఎరుకేనా, టీచర్?"

"ఎరుకై ఉండదు బిడ్డా. శాన దూరం."

"గాడోళ్లకు గీళ్ల సంగతి?"

"వాళ్లకూ ఎరుకై ఉండదు."

శ్రీజ వేలితో ఇటుక అంచు తడిమింది. "అయితె ఇద్దరి సంగతి ఎరుకైంది మనకేనా?"

ఇన్నేళ్లు చరిత్ర చెప్పీ ఆ మాట సులోచనకు తట్టలేదు. తల ఊపింది. రాతి మీద మోకాళ్లు పట్టుకొని కూర్చున్న సిస్టర్ కూడా తల ఊపింది.

"మరి మన సంగతి ఎవలకు ఎరుకైతది, టీచర్?"

సులోచన ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుంది.

"తెల్వదు బిడ్డా," అంది.