ఆకు దూయని మల్లె

మా అత్త పూలు కొనగా నేనెప్పుడూ చూడలేదు. నగరం నడిబొడ్డున నగర్తపేటలో ఇరుకు మిద్దె మీద డబ్బాల్లో మల్లె పెంచిన మనిషి. మేము నగరం చివర వర్తూరు వైపు ఇల్లు కట్టుకుని వచ్చిన రోజు, సామాన్ల లారీలో బీరువా కంటే ముందు మల్లె డబ్బా ఎక్కించింది. ఇక్కడ నేల దొరికేసరికి అది గోడను దాటి పెరిగి, మనిషి దూరితే కనపడనంత పొద అయింది.

ఆ మల్లెకు మా ఇంట్లో ఒక బాధ్యత ఉంది. ఆడపిల్ల జడ నడుము దాకా పెరిగిన ఏడు, ఎండాకాలంలో మొగ్గలజడ కుట్టాలి. మొగ్గ విచ్చకముందే కోసి, జడకే సూదితో వరసలు వరసలుగా కుట్టి, వెనక అద్దం పెట్టి ఫోటో తీయించాలి. మా ఆడబిడ్డకూ, అత్త చెల్లెలి కూతుళ్ళకూ అందరికీ అత్త చేతి జడే, ఇంటి మల్లెలే. ఇక మిగిలింది నా కూతురు. దాని జడ పోయినేడు మల్లెల కాలం అయిపోయాక నడుము దాటింది. అదే ఏడు అత్త వేళ్ళకు తిమ్మిరి పట్టుకుంది. కాఫీ లోటా చేతిలోంచి జారిపోయేది. నరాల జబ్బు, ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు.

"సూది పట్టేది వచ్చే ఎండాకాలం దాకానే. ఆ పై ఏడు నా చేత కాదు" అని ఆమే తేల్చేసింది. పాప మాత్రం అప్పటినుంచే అద్దం ముందు వెనక్కి తిరిగి చూసుకోవడం మొదలుపెట్టింది.

ఈలోగా వానలు తగ్గాక పక్క ఖాళీ సైటును బుల్డోజరు ఒక్క పూటలో చదును చేసేసింది. ముళ్ళపొదలు, ఆముదం మొక్కలు అన్నీ పోయాయి. వాటిలో బతికే పికిలిపిట్టలు మా గోడ మీద వాలి, బోడి మట్టిని చూస్తూ ఒకటే అరుపు. నేను "అయ్యో పాపం" అని వంటింట్లోకి పోయాను. నా జాలి అంతవరకే. మా అత్త జాలి మాటలు మాట్లాడదు, కొంగు దోపి పనిలో దిగుతుంది.

ముందు బచ్చలి ఆకు కోయడం మానేసింది. తీగను కిటికీ కమ్మీలకు పాకించి పండ్లకు వదిలేసింది. గోడవారన కామంచి పండ్ల మొక్కలు నాటింది. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు సంచుల్లో మట్టి నింపి కొర్రలు చల్లింది. చలి ముదిరే వేళకు బచ్చలి పండ్లు నల్లగా మాగాయి, కొర్ర కంకులు తలలు వంచాయి. పికిలిపిట్టలు పండ్ల మీద పడ్డాయి. చిన్న చిన్న జీనువాయి పిట్టలు గుంపుగా దిగి కంకులకు వేలాడుతూ తినేవి. అన్ని కంకులున్నా అన్నీ ఒకే కంకి కోసం కొట్లాడుకునేవి. వాటిని చూస్తూ పొయ్యి మీద పాలు పొంగించిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

"అత్తా, ఈ పూట బచ్చలాకు పప్పు చేద్దామా?" అని ఒకరోజు ఆశగా అడిగాను.

"అంగట్లో తెచ్చుకో పో. ఇది వాటి వంటిల్లు" అంది.

ఆరేసిన బట్టల మీద పిట్టల రెట్టలు పడి ఊదారంగు మరకలయ్యాయి. మా ఆయన తెల్లచొక్కా పట్టుకొచ్చి తల్లికి చూపించాడు.

"రంగేసిచ్చినాయి, కాసు అడగలే. ఊరికే ఉండప్పా" అంది ఆమె. ఆయన ఇంకో చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయాడు.

పుష్యమాసం వచ్చింది. మల్లెకు నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించే కాలం అది. ఆ కాలంలో మల్లెను మాడ్చకపోతే ఎండల్లో అది మొగ్గ తొడగదు. ఒక సాయంత్రం ఎండ దిగాక అత్త కత్తెర పట్టుకుని పొద దగ్గరికి పోయింది. వేళ్ళు తిమ్మిరి కదా, సాయం పడదామని నేనూ వెంట పోయాను. ఆమె ఒక కొమ్మ పక్కకు తీసింది. లోపల ఆకు చాటున పికిలిపిట్టలు ఒకదాన్నొకటి ఒత్తుకుని, ఈకలు ఉబ్బించుకుని బంతుల్లా కూర్చున్నాయి. కళ్ళు తెరిచి చూశాయే గాని ఎగరలేదు. అత్త ఊపిరి బిగబట్టి, కొమ్మను మెల్లగా యథాస్థానంలోకి వదిలింది. కత్తెర నా చేతికిచ్చి లోపలికి పోయింది.

నాకు కోపం వచ్చింది. మరుసటి రోజు ఉండబట్టలేక అడిగాను.

"సగమన్నా కత్తిరిద్దాం అత్తా. పాప జడ సంగతేమి?"

"పైసగం తీస్తే గాలి లోపలికి పోతాది. కింద తీస్తే పిల్లి పోతాది. యాడ తీస్తావు చెప్పు?"

"వేరే ఎక్కడన్నా పడుకుంటాయి."

"యాడుండాది వేరే? ఆ సైటులో పునాది తవ్వుతాండారు, చూసినావా?" అంది. "పిలిచి పీటేసింది నేనేమ్మా. కూడు పెట్టి, పండుకునే తావు పీకేస్తే ఏం మర్యాద?"

తన చేతికి ఇంకో ఏడు లేదని అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసీ కత్తెరను అటక మీద పెట్టేసింది. పాపను పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. అది ఒక పూటంతా అలిగి, సాయంత్రానికి ఆమెతోపాటే కిటికీ దగ్గర చేరి, పిట్టలు పొదలోకి దూరడం చూసింది. ఇంత మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నానా అని నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట ఆమె ముఖాన అంటే తిడుతుందని అనలేదు.

ఉగాది దాటింది. వీధిలో మిగతా ఇళ్ళ మల్లెలు తెల్లగా విరగబూశాయి. మాది పచ్చగా, ఏపుగా, సిగ్గులేకుండా ఆకులే వేసింది. అక్కడక్కడ నాలుగు మొగ్గలు. పూలంగడికి పోయి తెస్తానని మా ఆయన సంచీ తీశాడు.

"కొన్న పూలతో అంగట్లోనే కుట్టి ఇస్తారు పో. దానికి నేనెందుకు?" అని అత్త కొట్టిపారేసింది.

ఒక మధ్యాహ్నం ఉన్న మొగ్గలన్నీ ఏరి ఇత్తడి పళ్ళెంలో పోసుకుని, పాపను ముందు కూర్చోబెట్టుకుంది. పళ్ళెం అడుగు కూడా నిండలేదు. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను. ఒక్కో మొగ్గనూ తడిమి తీసుకుంది. సూది జారేది, వెతుక్కుని మళ్ళీ పట్టుకునేది. మధ్యలో చెయ్యి విదిలించుకుని, ఒళ్ళో ఒత్తుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. పాప కదలకుండా కూర్చుంది. జడ జానెడు నిండేసరికి పొద్దు వాలింది. కింద అంతా ఉత్త జడ.

చూడలేక చెయ్యి చాపాను. "ఇటియ్యి అత్తా. మిగిలింది నేను కుడతా."

"మిగిలిందేముండాది?" అని ఖాళీ పళ్ళెం నాకు చూపించి, సూదిని జాకెట్టుకు గుచ్చుకుంది. తన వేళ్ళను ఒకసారి చూసుకుని నవ్వింది. "సరిగ్గా సరిపోయినాయి చూడు. ఇంకో వరస ఉండింటే నా చేత అయ్యేది కాదు."