ఫోటో కింది మాట

“ఆ ఫోటోల నేను ఏడ్వలేదన్నా. మాస్కు ఆవిరి కళ్లద్దాలకు పట్టింది, తుడుచుకుంటున్న. గా ముక్క ముందు రాసుకో.”

క్లాండాల్కిన్‌లో కాలువ గట్టున బెంచీకి ఆ చివర మధులిక, ఈ చివర నేను. మధ్యలో ఆమె సంచి, రెండు కాఫీ కప్పులు. ఈ దేశంలో మా తెలుగు సంఘం పెద్ద రామ్మోహన్ గారు 2021 జనవరిలో కోవిడ్‌తో పోయారు. ఆయన పేరున వేస్తున్న సంస్మరణ సంచికకు అందరి మాటలూ పోగుచేసే పని నాది. అందులో ఒక ఫోటో ఉంది. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి కావడంతో మిగిలినవాళ్లం, ఈ దేశంవాళ్లు చేసినట్టే, పార్థివదేహం ఉన్న కారు వెళ్లే దారి పొడుగునా ఎడం ఎడంగా నిలబడ్డాం. ఆ వరుసలో, బస్‌స్టాపు దగ్గర, కళ్ల మీద చెయ్యి పెట్టుకుని మధులిక. కింద ‘కూతురి వంటి మధులిక కన్నీటి వీడ్కోలు’ అని సంఘంవాళ్లు రాయించారు. అది చూపించి, ఇంకో నాలుగు మాటలు అడుగుదామని వచ్చాను.

“షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడ్డ. వరుసే నా దాక వచ్చింది గానీ నేను వరుసలకు పోలే.”

ఆమెది జగిత్యాల. ఎమ్మెస్సీ చదవడానికి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకు వెళ్లి తీసుకొచ్చింది రామ్మోహన్ గారే. ఆడమ్స్‌టౌన్‌లో తన ఇంట్లోనే చిన్న గది అద్దెకిచ్చారు. చదువుకుంటూనే వృద్ధుల హోంలో పనికి చేరింది. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం. 2020 ఏప్రిల్‌లో అక్కడ ఒకే వారంలో ఇద్దరు కోవిడ్‌తో పోయారు.

“ఆ దినం పొద్దటి షిఫ్టు చేసొచ్చిన. నా సూట్‌కేసు గేటు బయట ఉంది. వాన. ఫ్రిజ్‌ల నా అర గూడ ఖాళీ చేసిండు. పెరుగు డబ్బ, సగం కోసిన ఉల్లిగడ్డ కవర్ల కట్టి సూట్‌కేసు మీద పెట్టిండు. సగం ఉల్లిగడ్డ, అన్నా! పైన కిటికీ తీసి, ‘ఏమనుకోకు తల్లీ, ఇంట్లో పిల్లలున్నారు’ అన్నడు. తల్లీ అట! వెనుక ఆయన భార్య, ఆంటీ ఉంది. ఆమె చేతిల నా చెప్పులు. పైనుంచి వెయ్యాల్నా వద్దా అని చూస్తున్నది.”

“వేసిందా?”

“వేసింది. ఒకటి గడ్డిల పడ్డది.”

తర్వాత పదకొండు రోజులు హోంలో బట్టలు ఉతికే గదిలో పడుకుందట. డ్రయర్లు తిరుగుతుంటే వెచ్చగానే ఉండేదని చెప్పింది.

నేను అనకూడని మాట అన్నాను. “పోయిన మనిషి కదమ్మా. ఆయనకూ భయమేగా అప్పుడు.”

“భయమా? పోయే ముందు క్రిస్మస్‌కు పద్దెనిమిది మందిని ఇంటికి పిల్చి బిర్యానీ పెట్టిండు గదా, అప్పుడెటు పోయింది భయం?” అనేసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు కప్పు మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. “నోరు జారిన. ఇది రాయకు.”

రాసిన ముక్క ఆమె ముందే కొట్టేశాను.

“హోంల నాతోని నోరీన్ అని చేస్తది, ఇక్కడి మనిషే. ఎవలన్న పోతే మేమిద్దరమే ఒళ్లు తుడిచి బట్టలేస్తం. తుడుస్తనే, ‘దేవుడు నిన్ను సల్లగ చూడాలె, ఎంత సతాయించినవయ్యా నన్ను’ అంటది. అని తల దువ్వుతది. తిట్టినట్టుండదు. మనోళ్లకు గది రాదు. దండ వెయ్యాలె, లేకుంటే నోర్మూసుకోవాలె.”

“నువ్వూ నోరు మూసుకునే ఉన్నావు కదా?”

“అదే తప్పయింది. దహనమైన మూడో దినం ఆంటీ ఫోన్ చేసింది. ‘రోడ్డు మీద నిలబడ్డావటమ్మా, ఫోటో చూసి ఏడుపొచ్చింది, నువ్వు మనసులో ఏమీ పెట్టుకోలేదు’ అన్నది. నేనేమన్న? ‘ఫర్వాలేదాంటీ’ అన్న. గా ఒక్క మాటకే నన్ను కూతుర్ని చేసిండ్రు.” కప్పు బెంచీ మీద పెట్టేసింది. “ఆయనను తిడితే ఆయన వింటడా? వినేది ఆంటీ. అందుకే తిట్ట. గానీ నా పేరు మీద అబద్ధం అచ్చేస్తే, నేను గా బట్టలుతికే గదిల పండుకున్న దినాలు లేనట్టేనా? రేపు ఇంకో పిల్ల ఊరినుంచి దిగుతది. మీ పుస్తకం చదివి, ఎంత మంచి ఇల్లో అనుకుంటది.”

“పోనీ, ఫోటో తీసేయించనా?”

“వద్దు. తీసేస్తే నాకు పగ అంటరు. నిలబడ్డది నిజమే గద, ఉండనీ.”

షిఫ్టు టైమైంది. లేచి సంచి భుజాన వేసుకుంది, మాస్కు సర్దుకుంది. అద్దాలు అప్పుడే మసకబారాయి. తుడుచుకోలేదు.

“కింద రాసింది కొట్టేసి, ‘బస్సు కోసం నిలబడ్డ మధులిక’ అని రాయ్. గంతే. సంఘంల ఎవలన్న కాదంటే నాకు ఫోన్ చెయ్, నేను మాట్లాడ్త. గానీ ఆంటీకి మాత్రం నువ్వే, పుస్తకం అచ్చు కాకముందే, ఇంటికి పోయి గా మాట చదివి వినిపించు. కిటికీ కింద నిలబడి చదువు, లోపలికి రమ్మంటే పోకు. పో అన్నా, కాఫీ సల్లారింది గానీ.”