ఎదురింటి స్టీలు గిన్నె, ఆరు కోడిగుడ్లు

ముందు శుభవార్త చెప్పేస్తాను, లేకపోతే నాకు ఊపిరాడదు. నా బీకాం పట్టా ఇవాళే చేతికొచ్చింది! అమ్మ వైపు, నాన్న వైపు ఎటు వెతికినా డిగ్రీ అన్నది నాదే మొదటిది. పట్టా ఫోటో చుట్టాలందరికీ పంపాను. ఒక మావయ్యకి రెండుసార్లు పంపాను.

ఇక అసలు సంగతి. నాలుగు నెలల క్రితం, ఫలితాలు వచ్చిన రోజునే, నా పరువుని స్టీలు గిన్నెలో పెట్టి, మూత కూడా బిగించి, స్వయంగా ఎదురింట్లో ఇచ్చొచ్చాను. మీరు నవ్వండి, పర్లేదు. నేను మాత్రం లిఫ్టులో ఆ ఇంటి మనిషి కనిపిస్తే చాలు, మెట్లెక్కేస్తున్నాను. మాది ఆరో అంతస్తు.

నేనుండేది కువైట్‌లో, సాల్మియా పేటలో, మా పిన్ని ఇంట్లో. మాల్‌లో అత్తర్ల కౌంటర్లో పని. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళేలోపు దూరవిద్య చదువు. పుస్తకం కింద ఫోను, ఫోన్లో కొరియా సీరియల్. అందులో ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు. అతను ఆమె గుమ్మం ముందు సూప్ గిన్నె పెడతాడు. ఆమె అదే గిన్నెలో ఊరగాయ పెట్టి పంపుతుంది. ప్రేమ అన్న మాట ఎత్తరు. ఎనిమిదో ఎపిసోడ్‌లో గిన్నె అందుకుంటుంటే వేళ్ళు తగిలాయి. అంతే! నేను దిండు పట్టుకుని ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే పిన్ని ఒక శుక్రవారం గారెలు వండింది.

"ఎదురింటి కిశోర్‌కి నాలుగు ఇచ్చిరావే. ఒక్కడే ఉంటాడు, పాపం."

కిశోర్ గారిది బెజవాడ. అహ్మదీలో చమురు కంపెనీ టెక్నీషియన్. పొద్దున కంపెనీ బస్సెక్కడం, సాయంత్రం అదే బస్సు దిగడం, అంతకుమించి ఆయన గురించి నాకేమీ తెలీదు. గారెలిచ్చాను. రెండోరోజు గిన్నె తిరిగొచ్చింది. మూత తీస్తే ఖర్జూరాలు!

"పిన్నీ, చూశావా?"

"చూసేను. మంచి కాయలు. మర్యాద తెల్సిన కుర్రోడు."

మర్యాదట! పిన్ని సీరియల్ చూడలేదు కదా, పాపం. నేను ఆ గిన్నెలో పులిహోర పెట్టి పంపాను. అందులో రెండు యాపిల్స్ వచ్చాయి.

"రెండే ఎందుకు పంపాడంటావు పిన్నీ?"

"గిన్నెలో మూడు పట్టవే."

నేను చక్కెర పొంగలి పంపాను. ఆరు ఉడకబెట్టిన కోడిగుడ్లు వచ్చాయి. చేత్తో పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉన్నాయి. మీరే చెప్పండి, మనసులో ఏమీ లేనివాడు గుడ్లు అంత వెచ్చగా పంపుతాడా? వాటిలో ఒకదాన్ని రెండ్రోజులు తినకుండా దాచాను. వాసనకి పిన్ని ఫ్రిజ్ అంతా కడిగింది.

"ఏంటే ఈ గుడ్డుకి పూజలు?"

అప్పుడు చెప్పేశాను. "పిన్నీ, నాకు సంబంధాలు చూడకు. ఎదురింట్లోనే కుదిరిపోయింది."

"అతనన్నాడా?"

"అనడు. ఇలాంటివి ఆఖరిదాకా, అంటే పదహారో ఎపిసోడ్ దాకా ఎవరూ అనరు."

పిన్ని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

ఫలితాలు వచ్చింది శుక్రవారమే. ఫస్టు క్లాసు! ఆ ఊపులో కొత్త చుడీదార్ వేసుకుని, గిన్నెనిండా బొబ్బట్లు పెట్టుకుని ఎదురింటి బెల్లు నొక్కాను. తలుపు తీశాడు. వంటింట్లోంచి ఉప్మా మాడు వాసన, చేతిలో గరిటె, రెండు వేళ్ళకి మందు పట్టీలు.

"నేను డిగ్రీ పాసయ్యానండీ!"

"అయ్యో, కంగ్రాట్స్ అండీ!"

"ఇన్నాళ్ళూ మీరే చెప్తారని చూశాను. ఇవాళ నేనే చెప్తున్నాను. మీరంటే నాకూ ఇష్టమే."

గరిటె కింద పడింది. వంటింట్లోంచి ఒక పెద్దావిడ గొంతు. అప్పుడు చూశాను, పొయ్యి పక్కన నిలబెట్టిన ఫోన్లో వాళ్ళమ్మగారు, వీడియో కాల్!

"ఎవర్రా అది? ఏమంటోంది?"

ఆయన నా వైపు చూడకుండానే, "ఎదురింటి అమ్మాయమ్మా. మన ఉప్మా ఇష్టమంటున్నారు" అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో నా పరువు సగం కాపాడాడు. మిగతా సగం వాళ్ళమ్మగారి చేతిలో పడింది.

"నువ్వేనా తల్లీ, గారెల అమ్మాయివి? చల్లగా ఉండు! ఆడపిల్ల ఉన్న ఇంటికి గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని వీడికి నేనే చెప్తున్నాను. వీడికేమో స్టవ్ వెలిగించడమే రాదు. నువ్వు గిన్నె పంపిన ప్రతిసారీ ఫోన్లో ఇద్దరం కుస్తీయే అనుకో. శ్రావణంలో వీడి పెళ్ళి, నువ్వూ తప్పక రావాలి. వచ్చే అమ్మాయికి నువ్వే కాస్త అక్కడ తోడు."

"అలాగేనండీ" అన్నాను. ఇంకేమంటాను?

గుమ్మం దగ్గర కిశోర్ గారు గొంతు తగ్గించి, "మీరు చెప్పింది నేను వినలేదండీ. కానీ ఒక్క సాయం. ఇంక గిన్నెలు పంపకండి. మీరు నింపుతారు, నేను నింపాలి. నా వేళ్ళు ఖలాస్ అయ్యాయి" అన్నాడు.

మన ఎదురుగుమ్మం ప్రేమకథంతా ఇదండీ. ఆయన ఉడికించింది గుడ్లు. ఉడికిపోయింది నేను.

పిన్ని తలుపు తీసి, నా ముఖం చూసి, మళ్ళీ నుదుటి మీద చెయ్యి వేసింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? నాకు ఉప్మా ప్రాణమని వాళ్ళమ్మగారు నమ్మేశారు. ఆవిడ పోరు పడలేక ఆయన వండితే, ప్రతి శుక్రవారం మా ఇంటికి ఉప్మా వస్తోంది. అడుగంటినది. అబద్ధమాడి నన్ను కాపాడినాయన చేతి వంట, పారేయడానికి మనసొప్పదు. పిన్ని ఎదురుగా కూర్చుని, "తిను, తిను, నీకిష్టం కదా" అంటుంది.

కాబట్టి బీకాం ఫస్టు క్లాసు సాక్షిగా, పట్టా మీద కుడిచెయ్యి వేసి ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఈ కువైట్‌లో ఏ గుమ్మానికి ఏం పంపినా, తిరిగివ్వక్కర్లేని ప్లాస్టిక్ డబ్బాలోనే పంపుతాను.