గాటు లేని ముఖం

మా మావయ్యది ఫొటో స్టూడియో. చంద్రుడికైనా మచ్చ ఉంటుంది గానీ, ఆయన తీసిన ఫొటోలో ఎవరికీ ఉండదు. మొటిమలు, పుట్టుమచ్చలు, కళ్ళ కింది నలుపు, అన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని ఓపిగ్గా తుడిచేస్తాడు. ఒకసారి ఒకావిడ తన ఫొటోనే చూసి, "ఇది నాది కాదు, ఎవరిదో ఇచ్చారు" అని దెబ్బలాడింది. అప్పుడు పడీపడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన తమ్ముడు, మా చిన్నమావయ్య, ఆ ఇంట్లోనే ఉండేవాడు. మతిమరుపు ముదిరి, చివరికి తన పేరు కూడా చెప్పలేకపోయేవాడు. ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ, కనుబొమను రెండుగా చీల్చిన గాటు. చిన్నప్పుడు ఆటలో అన్న విసిరిన రాయి చేసిన గాటు అది. తమ్ముడు ఎప్పుడో మరిచిపోయాడు, అన్న మరవలేదు. తమ్ముణ్ణి ఎన్నిసార్లు ఫొటో తీసినా ముందు చెరిపేది దాన్నే.

ఒకరోజు పొద్దున్న చూస్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది, చిన్నమావయ్య లేడు. మావయ్య ఉన్నవాటిలోకల్లా అందమైన ఫొటో ఏరి పోస్టర్లు వేయించాడు. గాటు సంగతి కూడా రాయిద్దామన్నాను.

"ముఖం అంత స్పష్టంగా కనబడుతుంటే రాతలెందుకే?" అని కసిరాడు. పెద్దవాడితో వాదనెందుకని అత్తయ్య నా నోరు మూయించింది.

ఊరంతా అంటించాం. ఎవరూ రాలేదు. వానకు తడిసిన పోస్టర్ల మీద కొత్తవి అంటించడానికి ఈసారి మావయ్యే బయలుదేరాడు. జిగురు డబ్బా పట్టుకుని నేనూ వెళ్ళాను. ఆసుపత్రి గేటు దగ్గర ఒక ఆయా ఆయన్ని ఎగాదిగా చూసి ఆగిపోయింది.

"మీవాళ్ళెవరైనా మా వార్డులో ఉండేవారా అండీ?"

"లేదమ్మా. మా తమ్ముడి కోసం వెతుకుతున్నా. ఇదిగో, ఇతనే."

"ఈ కాగితం రోజూ చూస్తూనే ఉన్నానండీ. ఈయన కాదు. మా దగ్గరున్నాయనది అచ్చు మీ పోలికే. అదే ముక్కు, అదే గడ్డం. కనుబొమ మీద గాటుండేది."

"ఉండేదంటే?"

"పోయిన వారం పోయారండీ. ఎవరైనా వస్తారేమోనని చూశాం, ఎవరూ రాలేదు."



పోస్టర్ మీది ఫొటోనే పెద్దది చేసి ఇంట్లో గోడకు పెడదామనుకున్నాం. మావయ్య కంప్యూటర్ ముందు కూర్చుని మచ్చ పెట్టాడు. గాటు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"ఏ కనుబొమ్మే?" అని అడిగాడు.

నేను ఎడమ అన్నాను. అత్తయ్య కుడి అంది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ వెతికాం, అన్నీ ఆయన చెయ్యి పడ్డవే. చివరికి ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళి, ఆ ఆయాని అడిగాం.