కాఫీ మొక్కకు మినప్పిండి కట్టు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకున్నా పర్వాలేదు. నేను చదివింది ఐదో తరగతే గానీ, జరిగినదాంట్లో ఒక్క ముక్క కూడా మరిచిపోను. ఆ రోజుల్లో, అంటే అందరి చేతుల్లోనూ ఇంకా బొత్తాల ఫోన్లే ఉన్న రోజుల్లో, చీపురుపల్లి దగ్గర ఒక ఇంటికి పంతొమ్మిదేళ్లకి కొత్త కోడలిగా వచ్చాను. వచ్చి నాలుగు నెలలు. భయాలకి నా దగ్గర కొదవ లేదు. బల్లంటే భయం, కుక్కరు కూస్తే భయం, అన్నిటికన్నా మా మావంటే భయం. (మావంటే మా మావగారు. తిట్టరు, కొట్టరు. మాట్లాడకుండా చూస్తారు. అది చాలు.)

మావ ముప్పై ఏళ్లు పాడేరు కొండల మీద పరాయివాళ్ల కాఫీ తోటల్లో మేస్త్రిగా చేశారు. పని మానుకుని దిగి వచ్చేటప్పుడు అక్కడి నేస్తం ఒకాయన పది గింజలు చేతిలో పెట్టాడట. కొండ మీద అందరూ వేసే రకం కాదు, లైబీరియా రకం. ఆకు పనసాకుకన్నా పెద్దది, మన పల్లపు ఎండకి కూడా తట్టుకుంటుందట. గింజ ఎండిపోతే మొలవదని తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. పదింటిలో మొలిచింది ఒక్కటి. ఇచ్చిన నేస్తం ఆ ఏడాదే పోయాడు, మళ్లీ అడుగుదామన్నా మనిషి లేడు. నేను కాపరానికి వచ్చేసరికి దానికి రెండేళ్లు, ఎనిమిది జతల ఆకులు. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల చెట్లు సాకిన మనిషికి సొంతమని చెప్పుకోడానికి ఉన్న కాఫీ మొక్క అదొక్కటే.

మావ కంట్లో పొర తీయించుకోడానికి విశాఖ బయలుదేరారు. తోడు వెళ్లే మా ఆయన్ని వీధిలో నిలబెట్టేసి నన్ను పిలిచారు. "అమ్మీ, మజ్జానం ఎండ తగలనీకు. ఏరు కుల్లిపోయేలాగ నీల్లు పొయ్యకు. ఇంకేటీ సెయ్యకు." ఆ మూడో మాట విని ఉంటే మీకు చెప్పడానికి ఇవాళ నా దగ్గర ఏమీ ఉండేది కాదు. మొక్క నెత్తిన తాటాకు నీడ ఉండనే ఉంది. అయినా మర్నాడు మధ్యాహ్నం ఒక ఆకు కాస్త వేలాడినట్టు కనబడింది. అంతే, కుండీని బిందెలా చంకనెత్తుకుని వంటింట్లోకి పరిగెత్తాను. మా వంటింటి గుమ్మం పొట్టిది, మనిషి వంగాలి. నేను వంగాను. మొక్క వంగలేదు. పుటుక్కుమంది.

"ఏటే ఆ సప్పుడు?" అంది లోపలినుంచి అత్త.

"మెడ ఇరిగిపోనాది అత్తా!"

"ఓలమ్మో, ఎవుల మెడే?"

చూశాక అత్త కూడా కాసేపు చతికిలబడింది. తరవాత లేచి కొంగు దోపుకుంది. అత్త వాళ్ల నాన్న విరిగిన కాళ్లకి కట్లు కట్టేవాడు, ఎద్దులకైనా మనుషులకైనా. "ఏడవకే గుంటా. తోలు ఊడనేదు సూడు, ఏలాడతన్నాది. అతుక్కుంటాది. మినుములు రుబ్బు బేగి." మినప్పిండిలో గుడ్డుసొన కలిపి, విరిగినచోట మెత్తి, చుట్టూ నాలుగు వెదురు బద్దలు పెట్టి, పాత చీర అంచుతో బిగించి కట్టింది. (ఆ బిగింపు చూస్తే నాకే నొప్పి వేసింది.) "ఇరవయ్యొక్క రోజులు కదపకూడదు" అని మొక్కకి చెప్పిందో నాకు చెప్పిందో తెలీదు.

సాయంత్రం ఫోను మోగింది. అటువైపు మావ.

"ఎలాగున్నాది?"

"బా... బాగున్నాది మావ."

"ఆకులెన్ని?"

"ఎనిమిది జతలు మావ." (అబద్ధం కాదు. రాలినదేదీ లేదు, వేలాడుతున్నాయంతే.)

మర్నాటికి గుడ్డు వాసనకి చీమలు బారు కట్టాయి. చీమల కోసం కోడి వచ్చింది. కోడి పొడవకుండా నేను కర్ర పట్టుకుని, అన్నం కూడా ఆ పక్కనే కూర్చుని తిన్నాను. గేటు చప్పుడైతే మావేననుకుని లేచి నిలబడటం, కాదని కూర్చోవడం. పుట్టింటికి ఏ రైలెక్కాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

మూడోనాడు మావ వచ్చారు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ముందునుంచీ మసకే. చెప్పులైనా విప్పకుండా మొక్క దగ్గరికెళ్లి చేత్తో తడిమారు. అడుగునుంచి ఒక్కొక్క జతా లెక్కపెడుతున్నారు. "ఒకటి... రెండు... మూడు..." నేను స్తంభం వెనక. అత్త పెదాలు ఏదో దేవుణ్ణి పిలుస్తున్నాయి. "నాలుగు... అయిదు..." వేళ్లు కట్టు మీద ఆగాయి. గోటితో తట్టారు. వాసన చూశారు.

"ఇదేటి, మినప్పిండా?"

మళ్లీ ముక్కు దగ్గరికి వంచుకున్నారు.

"గుడ్డు కూడానా?"

"నువ్వు కదపకు, ఇంకా అతకనేదు" అంది అత్త.

మావ భుజాలు అదరడం మొదలెట్టాయి. ఏడుస్తున్నారనుకుని నేను ముందుకొచ్చి బావురుమన్నాను. "నానే మావ, నానే ఇరగ్గొట్టాను! అత్త తప్పేటీ నేదు!" తీరా చూస్తే ఆయన నవ్వుతున్నారు. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "నవ్వించకండే, కంటికి అదురు తగలకూడదన్నారు! నాకూ కట్టు, దీనికీ కట్టు!" అన్నారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "అమ్మీ, పైముక్క ఇంకా పచ్చిగానే ఉన్నాది. ఇప్పుడే కొయ్యాల. నాకు కనబడదు. నువ్వు కొయ్యి."

"నాను కొయ్యాలా?"

"మీ అత్తకిస్తే బెల్లం పాకం రాస్తాది."

కొత్త బ్లేడు తెచ్చాను. ఆయన కాండం పట్టుకుని చెబుతున్నారు, నేను వణుకుతూ కోస్తున్నాను. నలిగినంత మేరా తీసెయ్, కణుపు కింద ఏటవాలుగా కొయ్యి, ఆకుల్ని సగానికి కత్తిరించు, తడి ఇసక పోసిన ఇంకో కుండీలో గుచ్చు, పైన అడుగు కోసిన నీళ్ల సీసా బోర్లించు. "పక్క కొమ్మ పాతితే నేలమీద పాకతాది. ఇది తలకాయి, బతికితే నిలబడతాది. రెండు నెల్లు సీసా ఎత్తకు." ఆ రెండు నెలలూ సీసా లోపల పట్టిన చెమ్మని చూస్తూ నేనూ అలాగే చెమటలు పట్టి బతికాను. ఈలోగా కుండీలో మిగిలిన మోడుకి ఆకు మొదట్లోంచి రెండు పిలకలు లేచాయి. సీసా ఎత్తిన రోజున కోసిన తలకి పచ్చటి కొత్త జత విచ్చుకుని ఉంది. మెల్లగా లాగి చూశాను. రాలేదు. వేరు పట్టేసింది.

అప్పటికి మావకి చూపు వచ్చింది. రెండు కుండీలనీ చాలాసేపు చూసి, ఎవరూ వినకూడదన్నట్టు అన్నారు: "ఒకటే ఉన్నప్పుడు నాకు బయమేసేది అమ్మీ. ఆస్పత్రిలో కూడా కంటి గురించి కాదు, దీని గురించే బయం. ఇప్పుడు పర్నేదు."

ఆయనకీ భయం ఉంటుందని నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు. నేను స్తంభం వెనక నక్కింది ఇలాంటి మనిషికి భయపడేనా అనుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ నవ్వు చివర కళ్లు కూడా చెమరుస్తాయి. మావ ఇప్పుడు లేరు. ఆ మొక్క పిల్లలు నా చేతిమీదుగా ఏడిళ్లకి వెళ్లాయి. ప్రతిసారీ కోసేముందు ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల వచ్చి నా వేళ్లలో వణుకుతుంది. వణకనీ, పాపం, అనుకుని కోసేస్తాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట మొలిచినదేదీ ఒంటరిగా మిగలకుండా పక్కన ఇంకోటి లేవాలి. మీ వాకిట్లో భయపడే పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్లకి నవ్వే పెద్దలు దొరకాలి.