సువార్త వేషం కోసం గుంటూరు దాకా

మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి ఒక పద్ధతి ఉంది. ఎవరికీ తక్కువ చేశామన్న మాట రాకూడదని పెద్దలు ఇంటికొక వాక్యం చొప్పున పిల్లలకు పంచుతారు. పిల్ల వచ్చి తన వాక్యం చెప్పగానే ఆ ఇంటివాళ్ళు ఫోటో తీసుకుని బిర్యానీ వరుసలోకి లేస్తారు. పోయిన ఏడు చివరి వాక్యం మరియమ్మ కూతురు సువార్తది. ఆ పిల్ల నోరు తెరిచేసరికి చాపల మీద వాళ్ళమ్మ తప్ప ఎవరూ లేరు.

ఈ ఏడు నాటకం పని నాకు అప్పగించారు. వాక్యం ఇద్దామని వెళ్తే మరియమ్మ గుమ్మంలోనే చెప్పేసింది. "ఖాళీ చాపలకి చెప్పించడానికి మా పిల్లే దొరికిందా అక్కా? ఈసారి పంపను." ఆ మాటలో నాకు తప్పేమీ కనబడలేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా అన్న కూతురు బ్లెస్సీ నవ్వింది. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి కోచింగు తీసుకుంటోంది. ఆరుగురు వీరుల సినిమా ఒకటి ఆడుతోందనీ, అంతమంది ఉన్నా ఒక్కరు కూడా మధ్యలో లేవడం లేదనీ, వచ్చి చూడమనీ చెప్పింది. నేను బడికి వెళ్ళలేదు. నాన్న ఇంట్లోనే బైబిలు తెరిచి, వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. మా ఇంట్లో సినిమా మాటే లేదు. ప్రార్థన చేసుకుని శనివారం బయలుదేరాను.

మా ఊరి నుంచి మార్టూరు వచ్చాను, అక్కడ ఏడున్నరకు గుంటూరు బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. కార్డు మరిచిపోకండి. నవంబరు కాబట్టి రోడ్డుకు ఒక పక్క పత్తి తెల్లగా విచ్చి ఉంది, ఇంకోపక్క మిరప తోటలు పచ్చగా పూత మీద ఉన్నాయి. చిలకలూరిపేటలో ఒక పెద్దాయన ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. పేరు మస్తాన్, కుట్టుపని చేస్తారట. ఎక్కడికమ్మా అంటే ఉన్నమాట చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి అడిగారు. "ఆరుగురు హీరోలైతే ఫ్లెక్సీలో పెద్ద బొమ్మ ఎవరిదమ్మా?"

బస్టాండు నుంచి షేర్ ఆటోలో బ్రాడీపేట పది నిమిషాలు. బ్లెస్సీ రోడ్డు మీదే నిలబడి ఉంది. ఇడ్లీ తిని పదకొండింటి ఆటకు వెళ్ళాం. ఏసీ హాల్లో చలి ఎక్కువ. శాలువా ఉంటే మంచిది.

మొదటి అరగంట ఆ ఆరుగురూ కలవనే లేదు. ఒకడు ఓడరేవులో బరువులు మోస్తున్నాడు, ఒకామె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తోంది, ఒకాయన తమ్ముడితో మాటలు మానేశాడు. ఎవరి దిగులు వాళ్ళది. వాళ్ళ బలం సంగతి తర్వాత గానీ తెలియలేదు. తీరా కలిశాక ముందు పోట్లాడుకున్నారు. పడనివాళ్ళిద్దరినే ఒక పనికి జతచేసి పంపారు. ఒకడు తప్పు చేస్తే దాని బరువు ఇంకొకామె మీద పడింది. అందుకని ఒకరు తెరమీద ఉన్నా మనసు అక్కడ లేనివాళ్ళ మీద కూడా ఉంటుంది. పెద్ద పోరులో కంటే, అంతవరకూ మాట్లాడనివాడు నోరు విప్పినచోట హాలంతా నిశ్శబ్దమైంది. ఆ ఆరుగురినీ కూర్చి రాసిన మనిషి ఎవరో గానీ, ప్రతివాడి మీదా దయగల మనిషి. మనసులోనే దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

మెస్సులో పప్పు, గోంగూర పచ్చడితో భోంచేస్తూ బ్లెస్సీని అడిగాను, అంతమందిని ఎలా మోశారని. "సమానంగా పంచలేదత్తా. ఒకళ్ళ పని ఇంకొకళ్ళకి అడ్డంపడేట్టు పెట్టారు," అంది.

మూడింటి బస్సులో ఆ మాటే నెమరేసుకున్నాను. చిలకలూరిపేటలో మా ఊరి బస్సెక్కేసరికి నాటకం ఒక రూపానికి వచ్చింది. గొర్రెల కాపరులు, జ్ఞానులు, జనాభా లెక్కలో పేర్లు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు, అందరూ బేత్లెహేములో ఒకే సత్రం తలుపు తట్టాలి. తలుపు తీసే పిల్ల సువార్త. మొదటినుంచి చివరిదాకా ఆ పిల్ల కనబడుతూనే ఉంటుంది. బైబిలులో లేని మనిషిని పెట్టవచ్చా అని కొంచెం భయపడ్డాను. సత్రంలో స్థలం లేదని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు గదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

ఊరికి ఇంకా దూరం ఉండగా పత్తితీతకు వెళ్ళిన మా ఊరి ఆడవాళ్ళు ఎక్కారు. జుట్టు నిండా దూది. వాళ్ళలో మరియమ్మ ఉంది. నా పక్క సీటు తప్ప ఖాళీ లేక అక్కడే కూర్చుంది. సినిమాకు వెళ్ళొచ్చానంటే బస్సంతా నవ్వారు. పాస్టరమ్మగారికి తెలుసా అని ఒకావిడ ఆరా తీసింది. నేను మరియమ్మకు నాటకం చెప్పాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "అంటే పనిపిల్ల వేషం."

అది పనిపిల్ల వేషమే.

వెనక సీటు నుంచి రాహేలమ్మ అనే ముసలామె తల ముందుకు పెట్టింది. "బిడ్డని చంపాలని వెతికే హేరోదు రాజు బంటులు కూడా ఆ తలుపే కొడతారా అమ్మాయ్?"

నాకు తట్టని సంగతి. "కొడతారు," అన్నాను.

"వెనక పశువుల పాకలో బిడ్డున్నాడని పిల్లకి తెలుసా?"

"ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు."

ఇక అందరూ అందుకున్నారు. కత్తి చూస్తే ఎవరైనా చెప్పేస్తారని ఒకామె, మిఠాయి చూపిస్తే చాలని ఇంకొకామె. పిల్ల తలుపుకి అడ్డంగా నిలబడాలని రాహేలమ్మ పట్టు. మరియమ్మ కిటికీ వైపే చూస్తూ అంది.

"చెప్పదు. చంపినా చెప్పదు మా పిల్ల." నా వైపు తిరిగింది. "బంటు వేషం ఎవరిది?"

"సంఘపెద్దగారి మనవడిది."

"అయితే అస్సలు చెప్పదు," అంది. బస్సంతా ఘొల్లున నవ్వింది.

చీకటి పడుతుండగా దిగాం. గుంటూరులో నేర్చుకున్నది సగమే. మిగతా సగం పత్తిచేల దగ్గర బస్సెక్కింది. రెండింటికీ దేవునికి స్తోత్రం. నా సంచి మరియమ్మే దించి చేతికిచ్చి, పిల్లని రేపు ఆరాధన కాగానే పంపనా, సాయంత్రం పంపనా అని అడిగింది.