ఆగిపోయిన డెబ్భై రెండు

ఆర్విల్ హ్రూస్కా ఆఫీసుకొచ్చి చలిబట్టలు విప్పడం ఒక తతంగం. వేసుకున్న వరసని సరిగ్గా తిరగేసి విప్పుతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ తొడుక్కుని మొదలుపెడతాడు. అమెరికాలోని డులూత్ ఊరి చలిలో అదొక్కటే అందరికీ కాలక్షేపం. ఆసుపత్రి మంచాల పక్కన గుండె లెక్క చూపించే మానిటర్లలో, సిగ్నళ్ళు అందుకునే కార్డుని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్ కోడ్ సరిచూడటం ఆయన పని.

మంగళవారం డార్సీ అనే కొత్త పిల్ల ఆ డ్రైవర్‌ని కుదించింది. కార్డు తీసినప్పుడు అన్నీ సర్దే ముప్ఫై లైన్లు కొట్టేసి, ఆ పని సిస్టమ్‌కి వదిలేసింది. మెమరీ ఖాళీ చేసే లైను ఒక్కటే ఉంచింది. సాయంత్రం అది ఆసుపత్రులకి వెళ్ళాలి.

హ్రూస్కా చెవి గోక్కుంటూ చదివి, "ఆపమ్మాయ్" అన్నాడు.

"ఏంటి గురూ, మీ పాత లైన్ల మీద బెంగా?"

"నువ్వు మెమరీ ముందే ఖాళీ చేస్తున్నావు. సిస్టమ్ సిగ్నళ్ళని ఆ తర్వాత ఆపుతుంది. ఈలోగా ఒక్కటి వచ్చిందా, లేని మెమరీలో రాయబోయి మానిటర్ బిగుసుకుపోతుంది."

"లక్షలో ఒకసారి!"

"ఆ ఒకసారి అయిపోయింది. తొమ్మిదేళ్ళ కింద నేనూ ఇలాగే కుదించాను. ఇక్కడ కేకు కోశారు. అక్కడ వార్డులో కార్డు మార్చారు. తెర మీద గుండె లెక్క డెబ్భై రెండు దగ్గర ఆగిపోయింది. నర్సు అది చూసి, బాగానే ఉందనుకుని వెళ్ళిపోయింది."

డార్సీ సాయంత్రం పంపాల్సింది రద్దు చేసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"పోయింది ఎవరు గురూ?"

"పేరు చెప్పలేదు. నాలుగో నంబరు మంచం అన్నారంతే."